నేను కోసిన పడుగు

పోయిన నెల హైదరాబాదు నుంచి చదువుకునే పిల్ల ఒకతి మా ఇంటికి వచ్చింది. బట్టల మీద చదువట. సిద్దిపేటలో గొల్లభామ చీర నేయడం తెలిసినవాళ్లు ఇంకా ఎవరున్నారని అడుగుతూ వస్తే ఎవరో మా గడప చూపించారు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మంచినీళ్లు తాగి, "అమ్మమ్మా, ఈ బొమ్మ నేయడం మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది. మా మామ అని చెప్పాను. ఆ పిల్ల రాసుకోబోయి ఆగింది. ఆ కాలంలో కోడలికి మామ మగ్గం పని నేర్పడం ఏమిటని దాని అనుమానం. సరైన అనుమానమే. మా అత్తగారింట్లో అప్పటిదాకా ఏ ఆడమనిషీ గొల్లభామ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. "మరి మీకెందుకు నేర్పారు?" అంది. "నేను దాన్ని కోసేసిన కాబట్టి" అన్నాను. దానికి అర్థం కాలేదు. నవ్వి, నాలుగు ఫోటోలు తీసుకొని, బస్సు టైమయిందని వెళ్లిపోయింది. నేను చెప్పవలసింది సగంలోనే ఉండిపోయింది.

ఆ మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. బడికి పోయే వయసులో పుట్టింట్లో నేతకు నూలు కండెలు చుట్టాను, పెళ్లయ్యాక ఇక్కడా అదే పని. మనవరాలు రెండో తరగతి పుస్తకం ముందేసుకొని గట్టిగా చదువుతుంటే దాని పక్కన కూర్చొని, అది అన్నది నేనూ అంటూ నేర్చుకున్నాను. ఇప్పటికీ వత్తుల దగ్గర ఆగి ఆలోచించుకోవాలి. అందుకని ఈ నాలుగు మాటలు రాయడానికి చాలా మధ్యాహ్నాలు పట్టాయి.

మా పుట్టిల్లు బెజ్జంకి దగ్గర ఒక పల్లె. మా నాయినకు రెండు మగ్గాలు ఉండేవి. వాటి మీద తువ్వాలలు, దుప్పట్లు నేసేవాడు. వాటిలో బొమ్మలూ పూలూ ఉండవు, అంచుకు ఒక ఎర్ర గీత ఉంటే అదే సింగారం. అలాంటి ఇంటి నుంచి సిద్దిపేటలో ఎనిమిది మగ్గాలున్న ఇంటికి కోడలిగా వచ్చాను. మా మామ నర్సయ్య తండ్రి ఒక్క మగ్గంతో మొదలుపెట్టాడట. మామ చేతికి వచ్చేసరికి ఇంటి వెనక పెంకుల కొట్టం వేసి, అందులో నేలలో గుంటలు తవ్వి వరసగా మగ్గాలు దించి, పనివాళ్లను పెట్టుకున్నారు. ఆ కొట్టాన్ని ఇంటిల్లిపాదీ కార్ఖానా అనేవాళ్లు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఇనుప యంత్రాలు ఉంటాయనుకొని భయపడ్డాను. లోపలికి వెళ్తే మా నాయిన మగ్గం లాంటివే ఉన్నాయి, కాకపోతే ఎక్కువ ఉన్నాయి. ఏడింటి మీద ధోవతులు, తువ్వాలలు, సాదా చీరలు నేసేవాళ్లు. ఎనిమిదోది గోడ పక్కన, వెలుతురు బాగా వచ్చే కిటికీ కింద ఉండేది. అది గొల్లభామ మగ్గం. దాని మీద మామ తప్ప ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

ఆ ఇంట్లో తెల్లారడం గంజి వాసనతో తెల్లారేది. పొయ్యి మీద పెద్ద గుండిగలో బియ్యపు గంజి ఉడుకుతుంటే, పక్క పొయ్యి మీద రంగు కాగుతుండేది. గంజి కమ్మదనమూ రంగు ఘాటూ కలిసి ఒక వాసన వచ్చేది. మొదట్లో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, తర్వాత అది లేకపోతే తెల్లారినట్టు ఉండేది కాదు. ఎండ ఎక్కకముందే చీరకు కావలసిన నిలువు పోగులన్నీ, అంటే పడుగు, వాకిట్లోంచి సందు పొడవునా పరిచి, ఇద్దరు ముగ్గురు రెండు వైపులా నడుస్తూ కుంచెలతో గంజి రాసేవాళ్లు. సైకిల్ మీద పోయేవాళ్లు దిగి, సైకిల్ చేత్తో పట్టుకొని గోడ వారగా పోయేవాళ్లు. అది దారికి అడ్డమని ఎవరూ విసుక్కోవడం నేను చూడలేదు. ఆ సందులో ఇవాళ మా పడుగు ఉంటే రేపు వాళ్ల పడుగు ఉండేది.

మామ తక్కువ మాటల మనిషి. చాయ్ సాసర్‌లో పోసుకొని, చల్లారేదాకా ఊది, ఒక్క గుక్కలో తాగేవాడు. బీడీ తాగాలంటే కార్ఖానా దాటి, వాకిలి దాటి, సందు మలుపు దాకా వెళ్లేవాడు. నూలుకు పొగ వాసన పట్టకూడదని ఆయన పట్టుదల. మా అత్తమ్మ లచ్చవ్వ దీనికి తలకిందులు. పొద్దున లేచిన దగ్గర నుంచి ఆమె గొంతు ఆగేది కాదు. కాని ఆమె వేళ్లంత నెమ్మదైన వేళ్లు నేను ఇంకెక్కడా చూడలేదు. ఒక పడుగు అయిపోయినప్పుడు దాని కొస మూరెడు మగ్గంలోనే వదిలిపెట్టి, కొత్త పడుగు పోగులను ఆ పాత పోగులకు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లు బూడిదలో అద్దుకొని, రెండు కొసలూ కలిపి, ఒక్కసారి నులిమితే అతుకు పడిపోయేది. వేల పోగులు అలా నులుముతూ ఆమె లోకం మీది ముచ్చట్లన్నీ చెప్పేది. నోరు ఎక్కడున్నా వేలు తప్పేది కాదు.

నేను కాపురానికి వెళ్లిన ఏడాదే ఆ ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తుండేది. మామ కళ్లలో పొర కమ్మింది. దవాఖానకు పోదామంటే ఇవాళ రేపు అని దాటేసేవాడు. గొల్లభామ మగ్గం మీది పడుగు అయిపోయి రెండు నెలలైనా కొత్తది ఎక్కించలేదు. మా ఆయనకు ఆ మగ్గం తీసేసి ఆ జాగలో మిల్లు చీరలు అమ్మాలని ఉండేది.

"సిరిసిల్ల నుంచి చీరెలు లారీలల్ల దిగుతున్నయ్ బాపు. నువ్వొక్క భామను నేసే లోపు ఆడ వంద చీరెలు తయారైతయ్. గా మగ్గం తీస్తె రెండు బీరువలు పడ్తయ్, ముంగట గల్లా పెట్టుకుందాం" అనేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏళ్లుగా మా దగ్గర తువ్వాలలు కొంటున్న హైదరాబాదు దుకాణదారు ఒకాయన నాలుగు గొల్లభామ చీరలు కావాలని కబురు పెట్టాడు. బతుకమ్మ పండుగ లోపు ఇస్తానని మామ మాట ఇచ్చాడు. ఆ రోజు అన్నం దగ్గర కొడుకుతో అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"గీ నాలుగు చీరెలు చెప్పిన పొద్దుకు ఇస్తె మగ్గం ఉంటది. ఇయ్యకుంటె నువ్వన్నట్టె గుంట పూడ్సుకో. నేను అడ్డం రాను."

మా ఆయన సరే అన్నాడు. ఇద్దరూ మళ్లీ ఆ ముచ్చట ఎత్తలేదు. చూపు మసకైనా ఆ మగ్గం మీద ఆయన చేతులకు పని తెలుసు కాబట్టి, అత్తమ్మ కొత్త పడుగు అతికి ఇస్తే చీరలు అవుతాయని అందరూ అనుకున్నారు. నేను కూడా.

శ్రావణంలో వచ్చే నూలి పున్నమి మా కులానికి పెద్ద పండుగ. ఆ రోజు మగ్గం ఆడదు. మగ్గాలను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త నూలు పోగు కట్టి మొక్కుతాం. మా పుట్టింట్లో ఆ పండుగకు ముందు మగ్గం మీద మిగిలిన పాత పడుగు ముక్క కోసేసి, పోగులు దూర్చే దువ్వెన లాంటి అచ్చు తీసి నీళ్లలో కడిగి, బోసి మగ్గానికే కొత్త పోగు కట్టేవాళ్లం. పాత పోగు మీద కొత్త పోగు కట్టకూడదని మా అవ్వ నియమం. తువ్వాల మగ్గానికి దానివల్ల పోయేదేమీ లేదు, ఒక పూట కూర్చొని మళ్లీ పోగులు ఎక్కించుకుంటే సరి. ఆ ఏడు పండుగ ముందు రోజు అత్తమ్మ పిండివంటల్లో ఉండి, "కార్ఖాన సాపు జేసి మగ్గాలన్ని కడుగు పిల్లా" అని నాకు పురమాయించింది. అత్తగారింట్లో నాకు అదే మొదటి నూలి పున్నమి. మంచి కోడలు అనిపించుకోవాలని పొద్దటి నుంచీ వంగిన నడుము ఎత్తలేదు. ఏడు మగ్గాల మీద పని నడుస్తున్న పడుగులు ఉన్నాయి, వాటిని ముట్టుకోకుండా చుట్టూ తుడిచాను. ఎనిమిదో దాని మీద మూరెడు ముక్క వేలాడుతోంది, దాని నిండా దుమ్ము, సాలెగూళ్లు. కత్తెర తెచ్చి కోసేశాను. దాని పైన వెదురు బద్దకు వేలాడుతున్న తాళ్ల గుత్తి ఒకటుంది, అది ఇంకా మురికిగా ఉంది. దాన్నీ విప్పి, కుంకుడు రసంలో నానబెట్టి, రుద్ది, తెల్లగా చేసి దండెం మీద ఆరేశాను. పని అయ్యాక మగ్గం కాళ్లకు పసుపు రాసి, నేను చేసినదాన్ని నేనే కాసేపు నిలబడి చూసుకున్నాను.

ఆ తాళ్లను జాల అంటారు. గొల్లభామ బొమ్మ ఉండేది వాటిలోనే. తల మీద కుండ, చేతిలో కోల, వంగిన నడుము, పాదాలు, అన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కో తాడు పడుగులో కొన్ని పోగులను పట్టుకొని ఉంటుంది. వరసగా ఒక్కొక్క తాడు లాగుతూ, లేచిన పోగుల కింది నుంచి రంగు దారం పోనిస్తే బొమ్మ ఒక్కో గీత పైకి వస్తుంది. ఏ తాడు ఏ పోగులను పట్టుకోవాలో కాగితం మీద ఎక్కడా లేదు. మా మామ తండ్రి ఎప్పుడో కట్టినది అలాగే ఉంది. పడుగు మారినప్పుడల్లా పాత పోగులకు కొత్తవి అతుకుతూ పోతే, కట్టిన కట్టు ఒకరి నుంచి ఒకరికి చెదరకుండా వచ్చింది. నేను కడిగి ఆరేసేదాకా.

పండుగ పొద్దున మామ తలస్నానం చేసి, కొత్త పోగు పళ్లెంలో పెట్టుకొని కార్ఖానాలోకి వచ్చాడు. ఏడు మగ్గాలకు కట్టి ఎనిమిదో దాని దగ్గరికి వచ్చి, అలవాటుగా చెయ్యి చాచి పడుగు కొస తడిమాడు. చేతికి ఏమీ తగల్లేదు. ఇంకోసారి తడిమాడు. అక్కడే ఉన్న ఎల్లయ్య, అందరికంటే పాత నేతగాడు, నోటి దురుసు ఉన్నవాడు, ముందు చూసి ఈల వేశాడు.

"ఇగో పటేలా, మీ కోడలు గొల్లభామను తానం పోసి దండెం మీద కూసోబెట్టింది."

అత్తమ్మ పరుగెత్తుకొని వచ్చి ఒక్కసారి మగ్గం చూసి తల పట్టుకుంది. "ఏం జేసినవే. తండ్రి కొడుకులు ఇన్నేండ్లు చెదరకుంట దాసినదాన్ని ఒక్క పొద్దుకు కూలగొడ్తివి గదే" అంది. మా ఆయన తండ్రి వైపు చూసి బయటికి నడిచాడు. ఆ చూపు అర్థమైంది నాకు. పందెం అయిపోయిందని. అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో.  పుట్టింటికి వెళ్లి ఏం చెప్పాలో కూడా మనసులో అనుకోవడం మొదలుపెట్టాను.

"తాళ్లు ఏడ ఉన్నయ్ బిడ్డా?" అని అడిగాడు మామ.

"దండెం మీద మామ."

ఆయన పెరట్లోకి వెళ్లి, ఎండిన తాళ్లను చేత్తో పట్టుకొని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. నేను వెనకే నిలబడ్డాను.

"మంచిగనే కడిగినవు" అన్నాడు. అంతే. పండుగ పూట ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తొద్దని చెప్పి, కొత్త పోగును ఆ బోసి మగ్గానికే కట్టి మొక్కాడు.

మర్నాటి నుంచి ఆలోచన మొదలైంది. ఆ బొమ్మ ఇంకెక్కడైనా ఉందా అంటే, నేసిన చీరల్లో ఉంది. నేసినవన్నీ అమ్ముడుపోయాయి. ఇంట్లో మిగిలింది ఒక్కటే, అత్తమ్మ పెళ్లికి మామ తండ్రి నేసిన చీర. మెరూన్ రంగు. ఆమె దాన్ని ఏడాదికి ఒకసారి ఎండకు పెట్టి, వేపాకు వేసి, మళ్లీ మడత పెట్టేది. కట్టుకోగా నేను చూడలేదు. పైనుంచి చూసి బొమ్మ ఏమిటో చెప్పొచ్చు గాని, ఏ గీత ఎన్ని పోగుల మీది నుంచి పోయిందో తెలియాలంటే ఒక బొమ్మను రంగు దారం వెంబడి పూర్తిగా విప్పాలి. మామ అడగలేక రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ తనంత తానే పెట్టె తీసి, చీర తెచ్చి నా ఒళ్లో వేసింది, మీద కత్తెర పెట్టింది.

"కోస్తె నువ్వే కొయ్యి. నీకు కోసుడు అలవాటే గద."

ఆ మాటకు ఎల్లయ్య నవ్వాడు, మామ కూడా మొహం తిప్పుకొని నవ్వాడు. నేను ఏడ్చాను. "ఏడ్సి దాని మీద కండ్ల నీళ్లు పడగొట్టకు, రంగు దిగుతది" అని కసిరి, అత్తమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఆమె నాతో ఆ మూడు రోజుల్లో మాట్లాడిన మొదటి మాటలు అవి. ఈ వయసులో తల్చుకుంటే, ఆ కత్తెర నా చేతికే ఇవ్వడంలో ఎంత పెద్ద మనసు ఉందో తెలుస్తోంది. కొడుకు చేతికి ఇచ్చి ఉండొచ్చు, ఎల్లయ్యకు ఇచ్చి ఉండొచ్చు. పాడుచేసిన చేతికే బాగుచేసే పని ఇచ్చింది.

పోగులు లెక్కపెట్టడానికి మామ చూపు చాలదు. ఎల్లయ్యకు తన మగ్గం మీద పని ఉంది, పైగా ఓపిక లేదు. కళ్లు నావి, లెక్క తెలిసిన చేతులు మామవి. అత్తమ్మా నేనూ బోసి మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాము. మొదటి పూట నేను కార్ఖానా నేల మీద కూర్చొని చీర విప్పి లెక్క చెబితే, మామ గుంటలో కూర్చొని తాడు కట్టబోయాడు. ఆయన వేలికి పోగులు దొరికేవి గాని ఏది ఎన్నోదో కనబడేది కాదు. నాలుగు తాళ్లు కట్టి, నాలుగూ తప్పని విప్పాడు. తర్వాత గుంటలోంచి పైకి లేచి, గట్టు మీద కూర్చొని, "దిగు బిడ్డా" అన్నాడు.

నేను కదల్లేదు. గుమ్మంలో అత్తమ్మ ఉంది. ఏడు మగ్గాల చప్పుడూ ఒక్కసారి ఆగింది. "ఇగ మేమంత కండెలు సుట్టాలె కావొచ్చు" అన్నాడు ఎల్లయ్య. అత్తమ్మ ఆయన వైపు చూసి, "సుట్టు, నీకు గదన్న మంచిగ వస్తదేమో సూద్దాం" అని, లోపలికి వెళ్లి మడత పెట్టిన గోనెసంచి తెచ్చి గుంట గట్టు మీద నేను కూర్చునే చోట వేసింది. అప్పుడు దిగాను. గుంటలో కాళ్లకు చల్లగా తగిలింది. లోపల నేల నున్నగా, మామ పాదాల అచ్చు పడి ఉంది.

చీర పక్కన పరుచుకొని ఒక్కో రంగు దారం వెనక్కి లాగుతూ "మూడు విడిచి ఐదు, రెండు విడిచి నాలుగు" అని నేను అనడం, మామ ఆ మాటను మళ్లీ అనడం, ఆ పోగులను వేరుచేసి నేను తాడు కట్టడం, ఆయన వేలి కొస వాటి మీద పోనిచ్చి "ఊఁ" అనడం. ఇదే పని. నాకు ఇరవై దాకానే లెక్క వచ్చు. ఇరవై కాగానే ఒక చింతగింజ పక్కన పెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. మామ ఒక్కోసారి నడుమ ఆపి, "గీడ నడుం వంపు వస్తది, ఒక్క పోగు తక్కువుంటది సూడు" అనేవాడు. ఉండేది. కళ్లతో చూడకుండానే ఆయనకు ఆ భామ ఒళ్లంతా తెలుసు. పని చేస్తూ తన తండ్రి ముచ్చట్లు చెప్పాడు. ఆయన ఈ బొమ్మ ఎక్కడా చూసి నేయలేదట. పాలు పోసే ఆమె వాకిట్లో తల మీది కుండ దించకుండా నిలబడి అత్తతో జగడం ఆడుతుంటే, ఆ నిలబడడం చూసి కట్టాడట. అంతకు ముందు నాతో "నీళ్లు తే", "కండెలు అయినయా" తప్ప ఒక మాట మాట్లాడని మనిషి, ఆ రోజుల్లో నాకు ఒక ఇంటి చరిత్ర అంతా చెప్పాడు.

జాల పూర్తయింది.  మొదటి బొమ్మ నేసిన రోజు మామ గట్టు మీద కూర్చొని తాళ్లు లాగుతుంటే నేను రంగు దారం పోనిచ్చాను. పాదాలు వచ్చాయి, కుచ్చిళ్లు వచ్చాయి. కోల పట్టిన చెయ్యి రావడం మొదలైనప్పుడు మామ చెయ్యి చాచి బొమ్మ మీద వేలు పోనిచ్చి, ఆగిపోయాడు. అత్తమ్మ పాత చీర తెప్పించి, ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి దీని మీద పెట్టి తడిమాడు. పాత చీరలో భామ కుడి వైపు చూస్తోంది. నా భామ ఎడమ వైపు చూస్తోంది.

చీరను నేను బోర్లా పరిచి విప్పాను. దారం కొసలు వెనక వైపే దొరుకుతాయి కదా అని అలా వేసుకొని, అలాగే లెక్క చెప్పాను. తువ్వాలకు ముందూ వెనకా లేదు. ఎటు వేసినా ఒకటే. బట్టకు మొహం ఉంటుందని నాకు పుట్టింట్లో ఎవరూ చెప్పలేదు. ఆ మగ్గం మీద పెరిగినవాళ్లు కలలో కూడా అలా వేయరు కాబట్టి, ఎలా వేశావని మామా అడగలేదు.

మళ్లీ కట్టాలంటే ఇంకో పది రోజులు. అలా అయితే నాలుగు చీరలు అయ్యేసరికి బతుకమ్మ దాటిపోతుంది. మా ఆయన వచ్చి చూసి, "ఇగ ఐపోయింది బాపు. ఇడ్సిపెట్టు" అన్నాడు. కోపంగా కాదు, జాలిగానే. నాకు ఆ జాలి ఇంకా బరువైంది. గుంటలోంచి లేవబోయాను. మామ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. నేసిన సగం బొమ్మను ఇంకోసారి తడిమి, "తాడు లాగుత, పోనియ్యి" అన్నాడు. తల దాకా నేశాము. కుండ కూడా వచ్చాక వేలితో మీద నుంచి కిందికి నెమ్మదిగా నిమిరాడు.

"అటు జూస్తె ఏంది, ఇటు జూస్తె ఏంది. నెత్తి మీది కుండ ఒలకలేదు గద" అన్నాడు. "నెయ్యి."

నాలుగు చీరలూ నేశాము. పండుగ ఇంకా రెండు రోజులు ఉందనగా దుకాణదారు తానే బస్సు దిగి వచ్చాడు. చాప మీద చీరలు పరిచి, కొంగు విప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. గుమ్మం వెనక అత్తమ్మ, ఆమె వెనక నేను.

"ఏంది నర్సయ్యా, మీ భామ ఇటు దిక్కు తిరిగింది? ఎప్పుడు అటు ఉండె గద."

మామ తడుముకోలేదు. "మా కోడలు నేసింది సేటూ. బెజ్జంకి పిల్ల. గా కిటికీల కూసుంటె అటే ఆమె అవ్వగారి ఊరు. చూడదా మరి?"

దుకాణదారు నవ్వాడు. చీరలు మడత పెట్టించుకున్నాడు. పోతూ పోతూ సంక్రాంతి దాటాక ఇంకో ఆరు కావాలి, తిరిగిన భామే కావాలి అన్నాడు. నా పక్కన అత్తమ్మ ఊపిరి వదిలిన చప్పుడు విన్నాను. "పుట్టింటి మీద అంత పానముంటె, పోయి నాలుగు రోజులు ఉండి రా" అని గొణిగి, ఆ వెంటనే, "ఇప్పుడు కాదు, ఆరు చీరెలు అయినంక" అంది.

ఆ కార్ఖానా ఇప్పుడు లేదు. ఒక్కో మగ్గమే ఆగిపోయింది. పనివాళ్లు కొందరు హైదరాబాదు, కొందరు సూరత్ వెళ్లారు. ఎల్లయ్య మాత్రం చివరిదాకా ఉండి, తన మగ్గం మీదే ముసలివాడయ్యాడు. కొట్టం ఉన్న చోట ఇప్పుడు మా చిన్నోడి బట్టల దుకాణం. అందులో మిషన్ మీద అచ్చు వేసిన గొల్లభామ చీరలు కూడా అమ్ముతాడు. తేలికగా ఉంటాయి, ఉతికితే చెదరవు, పనికి పోయే ఆడవాళ్లు కట్టుకుంటారు. వాటిని చూసి బాధపడాలని ఆ కాలేజీ పిల్ల అనుకున్నట్టుంది. నాకు బాధ లేదు. ఆ రోజుల్లో మేము నేసినది మా వాడ ఆడవాళ్లకు అందేది కాదు, ఇది అందుతోంది. పోయిందని నాకు అనిపించేది చీర కాదు. ఒక తప్పు జరిగితే నలుగురు దాని చుట్టూ కూర్చొని, తిట్టుకుంటూనే, నవ్వుకుంటూనే, రోజుల తరబడి సరిచేసుకునే తీరిక. ఇప్పుడు మా దుకాణంలో లెక్క తప్పితే పిల్లవాడు మిషన్‌లో ఒక గుర్తు నొక్కుతాడు, తప్పు మాయమవుతుంది. మంచిదే. కాని ఆ తప్పు చేసినవాడికి ఏమీ రాదు. నాకు ఒక పని వచ్చింది. ఆ పనితో ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇరవై ఏళ్లు ఆ కిటికీ కింద కూర్చున్నాను, నేర్పమని వచ్చిన ఆడపిల్లలకు చీరను బోర్లా వేయొద్దని మొదటి రోజే చెప్పాను.

మామ కళ్లకు తర్వాత ఆపరేషన్ అయింది. అత్తమ్మ నోరు చివరిదాకా అలాగే ఉంది. వాళ్లను తల్చుకున్నప్పుడు నాకు పండుగలూ పెళ్లిళ్లూ గుర్తురావు. ఆ బతుకమ్మ వెళ్లిన మర్నాటి పొద్దు గుర్తొస్తుంది. దుకాణదారు చీరలు తీసుకుపోయాడు, పని అయిపోయిందని నేను మళ్లీ రాట్నం దగ్గర కూర్చొని కండెలు చుడుతున్నాను. మామ గుంట గట్టు మీద ఊరికే కూర్చొని ఉన్నాడు. అప్పుడు మా ఆయన ఒక మేస్త్రీని వెంటబెట్టుకొని వచ్చాడు. పండుగ కాగానే రమ్మని చాలా ముందే చెప్పిపెట్టాడట. మేస్త్రీ లోపలికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకొని, మగ్గం కింద తొంగి చూశాడు.

"గిదేనా పటేలా పూడ్సే గుంట? రెండు బండ్ల మట్టి పడ్తది."

 నా చేతిలో రాట్నం ఆగింది. మా ఆయన మగ్గం వైపు, తండ్రి వైపు చూశాడు.

"గుంట ముట్టకు మేస్త్రీ. మీద పెంకులు జూడు. వానకు నీళ్లు సక్కగ గీ మగ్గం మీదనే కారుతున్నయ్."

మేస్త్రీ నిచ్చెన కోసం బయటికి వెళ్లాడు. మా ఆయన నా వైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్? పెంకులు తీస్తె మట్టి రాలుతది. నీ పడుగు మీద ఏమన్న కప్పు" అన్నాడు.

నేను లేచి, ఉతికిన దుప్పటి తెచ్చి, మగ్గంలో మిగిలిన మూరెడు పడుగు మీద కప్పాను.